మబ్బు ఎక్కడిది? వరద ఎక్కడిది?

(పాల్వంచలో జరిగిన మన సంఘం వేసవి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల క్రితం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "కరువు భత్యం సంగతి, హెల్త్ కార్డుల సంగతి ఎలాగూ మాట్లాడుకుంటాం. వానాకాలం వస్తోంది కదా, మీరు ఒక అరగంట గాలి గురించి, మబ్బుల గురించి చెప్పండి" అన్నారు. "నేను శాస్త్రవేత్తను కానండీ, నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి, కాలువ గట్ల మీద, గేజీల దగ్గర కాలం గడిపినవాడిని" అన్నాను. "అందుకే మిమ్మల్ని అడుగుతున్నాం" అన్నారు. ఇక తప్పించుకోలేకపోయాను.

ముందే ఒక మాట ఒప్పుకుంటాను. వాన గురించీ వరద గురించీ నన్ను నమ్మి అడిగినవాళ్ళకు నేను రెండుసార్లు తప్పు సలహా చెప్పాను. ఒకసారి 1986లో గోదావరి ఒడ్డున. రెండోసారి 2024లో మున్నేరు ఒడ్డున. మధ్యలో 38 ఏళ్ళు. మొదటి తప్పు నుంచి నేర్చుకున్న పాఠమే రెండో తప్పుకు కారణమైంది. ఆ కథ చెప్పాలంటే ముందు గాలి సంగతి కొంచెం చెప్పాలి.

మన భూగోళం వ్యాసార్ధం సుమారు 6,370 కిలోమీటర్లు. దాని చుట్టూ ఉన్న గాలి పొర నిజానికి చాలా పలచన. అందులో 78 వంతులు నత్రజని, 21 వంతులు ప్రాణవాయువు. మిగిలిన ఒక వంతులోనే ఆర్గాన్, బొగ్గుపులుసు వాయువు వగైరాలు. ఇవి కాక నీటి ఆవిరి ఉంది. దానికి లెక్క ఒకటిగా ఉండదు. ఎడారిలో దాదాపు ఏమీ ఉండదు, వానాకాలం సముద్రం మీద నూటికి నాలుగు వంతుల దాకా ఉంటుంది. మన బతుకులు ఆధారపడింది ఆ నాలుగు వంతుల మీదనే.

ఈ గాలిని పొరలుగా విభజించారు. అన్నిటికంటే కింద ఉన్నది ట్రోపో ఆవరణం. ధ్రువాల దగ్గర ఇది 8 కిలోమీటర్లే. మన వంటి ఉష్ణ ప్రాంతాల్లో 16, 17 కిలోమీటర్ల వరకు ఉంటుంది. అంటే ఎంత? మీరు ఇక్కడ పాల్వంచలో బస్సెక్కి కొత్తగూడెం దాటి కాస్త ముందుకు పోయినంత దూరం. ఆ దూరాన్ని నిట్టనిలువుగా నిలబెట్టండి. మనం ఎరిగిన మబ్బులు, ఉరుములు, వడగళ్ళు, తుపానులు అన్నీ ఇంచుమించు ఆ దూరంలోనే జరిగిపోతాయి. మొత్తం గాలి బరువులో సుమారు 80 వంతులు అందులోనే ఉంది.

ఈ పొరలో పైకి పోయినకొద్దీ చల్లబడుతుంది. సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది. ఇప్పుడు రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ. ఇక్కడ 44 డిగ్రీలు ఉన్నదనుకోండి, విమానాలు ఎగిరే 10, 11 కిలోమీటర్ల ఎత్తున నీరు గడ్డకట్టే చలికంటే ఎంతో ఎక్కువ చలి ఉంటుంది.

దాని పైన స్ట్రాటో ఆవరణం, 50 కిలోమీటర్ల వరకు. అక్కడ ఓజోను వాయువు ఉంది. అది సూర్యుని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది, అందుచేత ఆ పొర పైకి పోయినకొద్దీ వేడెక్కుతుంది. ఆపైన మీసో ఆవరణం, థర్మో ఆవరణం. ఉల్కలు మండి రాలిపోవడం, ధ్రువజ్యోతులు కనిపించడం అక్కడి సంగతులు. మన పొలాలతో వాటికి పెద్దగా పనిలేదు గనుక వాటిని వదిలేస్తాను.

స్ట్రాటో ఆవరణం సంగతి మాత్రం గుర్తుంచుకోండి. పైన వెచ్చని పొర ఉంటే కింది గాలి దాన్ని చీల్చుకుని పైకి పోలేదు. అది కుండ మీద మూత వంటిది. ఆ మూత దగ్గర విపరీతమైన చలి. పైకి వెళ్ళిన ఆవిరి అక్కడ గడ్డకట్టి తిరిగి కిందికే వస్తుంది. ఆ మూత ఉండబట్టే భూమి మీది నీరు భూమి మీదనే ఉండిపోయింది. వేసవి సాయంత్రం ఉరుముల మబ్బు ఆకాశంలో కోటలా పెరిగి, పైన ఒక్కసారిగా చదునుగా పరుచుకోవడం మీరు చూసే ఉంటారు. కమ్మరి దాగలి ఆకారంలో ఉంటుంది. అది మూతకు తగిలి పక్కలకు పరుచుకున్న మబ్బు.

మబ్బులకు శాస్త్రీయంగా పేర్లు పెట్టినవాడు ల్యూక్ హోవర్డ్ అనే ఇంగ్లీషాయన, 1802లో. వృత్తికి మందులు తయారు చేసేవాడు. దూదిపింజలా, పీచులా ఎత్తున కనిపించేవి సిర్రస్. అవి మంచు పలుకులు. దుప్పటి కప్పినట్లు పరుచుకునేవి స్ట్రాటస్. కుప్పలు పోసినట్లు ఉండేవి క్యుములస్. కురిసే మబ్బుకు నింబస్ అని చేర్చాడు. ఇందాక చెప్పిన ఉరుముల మబ్బు క్యుములోనింబస్. ఏప్రిల్, మే నెలల్లో అడవిలో తునికాకు కోసేవాళ్ళకు ప్రమాదం దీనితోనే. మెరుపు కనిపించాక ఉరుము మూడు సెకన్లలో వినిపిస్తే పిడుగు కిలోమీటరు దూరంలో ఉన్నట్లు. అప్పుడు చెట్టు కింద నిలబడడం కంటే తడవడమే మేలు.

మబ్బు అంటే ఆవిరి కాదు. ఆవిరి కంటికి కనిపించదు. వేడిగాలి తేమతో పైకి పోయి చల్లబడినప్పుడు, గాలిలోని దుమ్ము, పొగ, సముద్రపు ఉప్పు రేణువుల చుట్టూ నీరు చేరి సన్నని బిందువులవుతుంది. ఒక్కో బిందువు మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అటువంటివి పది లక్షలు కలిస్తే ఒక మామూలు వాన చినుకు. పెరట్లో పడే ఒక్క చినుకు వెనుక అంత పని జరుగుతోంది.

ఇప్పుడు అసలు లెక్క చెబుతాను. ప్రపంచం మొత్తం మీద గాలిలో ఉన్న ఆవిరినంతా పిండి నేల మీద పోస్తే సగటున ఎంత నీరు నిలుస్తుందో తెలుసా? సుమారు 25 మిల్లీమీటర్లు. ఒక్క అంగుళం! మంచి వానాకాలంలో మన నెత్తిమీది గాలిలో దానికి రెట్టింపు, ఇంకొంచెం ఎక్కువ ఉండవచ్చు. మరి ఒక్క రోజులో 20, 30 సెంటీమీటర్ల వాన ఎలా పడుతుంది? మన నెత్తిమీద ఉన్న తేమ ఎప్పుడో అయిపోతుంది. బంగాళాఖాతం మీద అల్పపీడనమో వాయుగుండమో ఏర్పడితే, అది వందల కిలోమీటర్ల నుంచి తడిగాలిని లాగి ఒక్కచోట పైకి ఎత్తుతుంది. చేంతాడు తెగకుండా తోడినట్లు, సముద్రం నుంచి సరఫరా సాగినంతసేపూ వాన సాగుతుంది. సగటున ఒక నీటి బొట్టు ఆవిరై గాలిలో ఉండేది తొమ్మిది పది రోజులు. అంటే ఈ వారం మన ఇంటి మీద కురిసే వాన, పోయిన వారం ఎక్కడో సముద్రంలో ఉన్న నీరు. మన ఇంటి మీద కురిసిందని దాన్ని మన వాన అనుకుంటాం గానీ, అది మనది కాదు.

నదికీ అదే సూత్రం. భద్రాచలం దగ్గర పారే గోదావరి మన ఊరి వాన కాదు. గోదావరి పరీవాహక ప్రాంతం 3,12,812 చదరపు కిలోమీటర్లు. నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టిన నదికి మధ్యప్రదేశ్‌లో పుట్టిన వైన్‌గంగ, మహారాష్ట్ర నీళ్ళు మోసుకొచ్చే వార్ధా, పెన్‌గంగ ప్రాణహితగా కలిసి తోడవుతాయి. ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టిన ఇంద్రావతి తోడవుతుంది. ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి తాలిపేరు వస్తుంది. ఇవన్నీ భద్రాచలానికి ఎగువన. దిగువన కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. శబరి కూడా పొంగితే గోదావరి నీరు ముందుకు కదలక భద్రాచలం దగ్గర ఎదురు తన్నుతుంది. ఇన్ని రాష్ట్రాల ఆకాశం కలిస్తే గానీ మన గేజి మీద అంకె తయారు కాదు.

1986 ఆగస్టులో నేను బూర్గంపాడు వైపు పనిచేస్తున్నాను. వయసు ముప్ఫై. ఒక పెద్దావిడ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉన్నాను. ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. వాయుగుండం వాన కురిసి కురిసి తెరిపి ఇచ్చింది. పెద్దమ్మ అరుగు మీద నిలబడి, "నాయనా, నువ్వు నీళ్ళ శాఖలో ఉద్యోగం చేసేవాడివి. గాదెలో వడ్లు మిట్టమీదికి చేర్చమంటావా? గేదెను ఎటన్నా తోలమంటావా?" అని అడిగింది. నేను ఆకాశం చూశాను. మబ్బు విచ్చుకుంటోంది. "వాన వెలిసింది కదా పెద్దమ్మా, ఇక నది కూడా తీస్తుంది. ఈ వయసులో ఎందుకు శ్రమ?" అన్నాను.

ఆ రాత్రి నీళ్ళు వాకిట్లోకి వచ్చాయి. నేనూ ఇరుగుపొరుగూ కలిసి పెద్దమ్మను మిట్టకు చేర్చగలిగాం. వడ్లు పోయాయి. కట్టుతాడు విప్పడానికి వెనక్కి వెళ్ళిన మనిషి నడుంలోతు నీళ్ళలో తిరిగి వచ్చాడు, గేదె రాలేదు. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఇప్పటికీ రికార్డు అదే. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకు ఇస్తారని మీకు తెలుసు. దానిమీద ఇంకా ఇరవై రెండు అడుగులకు పైగా నీరు! పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. "నువ్వు మాత్రం పైకి చూశావు నాయనా, నది పక్కనుంచి వచ్చింది" అన్నది, అంతే.

ఆ మాట నాకు పాఠమైంది. అప్పటి నుంచి గోదావరి సంగతి ఎవరడిగినా ఆకాశం చూసి చెప్పడం మానేశాను. ఎగువన ఏం జరుగుతోంది, కాళేశ్వరం దగ్గర ఎంత ఉంది, ఇంద్రావతి ఎలా ఉంది అని కనుక్కునేవాణ్ణి. ఎగువ నీరు ఇక్కడికి రావడానికి రోజు లెక్కన సమయం పడుతుంది. ఆ సమయమే మనకు వరం. 1990 ఆగస్టులో 70.8 అడుగులు, 2006లో 66.9 అడుగులు వచ్చినప్పుడు ఆ పాఠం పనికొచ్చింది. 2022 జులైలో మళ్ళీ 71.3 అడుగులు వచ్చింది, 24 లక్షల క్యూసెక్కులకు పైగా. అంటే సెకనుకు ఆరున్నర కోట్ల లీటర్ల పైమాట. 1965లో కట్టిన వంతెన మీద రాకపోకలు ఆపవలసి వచ్చింది. పట్టణం చుట్టూ కరకట్ట ఉన్నది గనుక ఊరు చాలావరకు నిలిచింది. అయితే కరకట్ట ఉన్నదని నిశ్చింతగా ఉండరాదు. నది ఎత్తుగా ఉన్నప్పుడు తూములు మూస్తారు. అప్పుడు ఊళ్ళో కురిసిన వాన బయటికి పోలేక, మోటార్లతో తోడవలసి ఉంటుంది. పల్లపు కాలనీల్లో ఉన్న మన సభ్యులకు ఇది అనుభవమే.

ఇక రెండో తప్పు. నేను రిటైరయ్యాక ఖమ్మం చేరాను. మా అమ్మాయి వాళ్ళది మున్నేరుకు దగ్గర్లో ఇల్లు. 2024 ఆగస్టు 31, శనివారం. బంగాళాఖాతంలో వాయుగుండం. పగలంతా వాన, రాత్రీ వాన. రాత్రి అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, వాన ఆగడం లేదు. మేం మీ ఇంటికి వచ్చేయమా?" అని అడిగింది. నేను అనుభవజ్ఞుణ్ణి కదా! "నదికి టైం పడుతుందమ్మా. ఎగువ నీరు దిగేసరికి రేపు మధ్యాహ్నం అవుతుంది. ఈ వానలో చీకట్లో పసిబిడ్డతో ఎందుకు? తెల్లారాక చూద్దాం" అన్నాను.

తెల్లారేసరికి వాళ్ళ వీధిలో నీళ్ళు. కాసేపటికి గుమ్మం దాటాయి. అమ్మాయి, అల్లుడు, మనుమరాలు, మా వియ్యపురాలు డాబా మీదికి ఎక్కారు. సాయంత్రం దాకా అక్కడే, వానలో, ఒక టార్పాలిన్ కింద. నేను ఫోన్ పట్టుకుని ఇవతల గట్టున. మనుషులు దక్కారు, అదే పదివేలు. ఇంట్లో మాత్రం ఏదీ మిగలలేదు. వియ్యపురాలి ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు, ఆయన సర్వీసు కాగితాలు, బ్యాంకు పుస్తకం బురద ముద్దలయ్యాయి. ఆవిడకు చక్కెర వ్యాధి మందులు కూడా ఆ రోజు అందలేదు. ఆ మున్నేరుకు 16 అడుగులు మొదటి హెచ్చరిక, 24 అడుగులు రెండో హెచ్చరిక. సెప్టెంబరు 1న సుమారు 36 అడుగులు వచ్చింది. అంతకు ముందు ఏడాది, 2023 జులైలోనే 30 అడుగులు దాటి హెచ్చరించింది. నేను చెవిన పెట్టలేదు.

ఎక్కడ పొరబడ్డాను? ఖమ్మం నుంచి భద్రాచలానికి బస్సులో వస్తే వైరా, తల్లాడ, జూలూరుపాడు దాటాక అడవి మొదలవుతుంది. ఆ మధ్యలో ఎక్కడో మిట్ట మీద, మనకు తెలియకుండానే, ఒక గీత దాటుతాం. గీతకు అటు కురిసిన చినుకు వైరాలోకి, మున్నేరులోకి, చివరికి కృష్ణలోకి పోతుంది. ఇటు కురిసిన చినుకు ముర్రేడులోకి, కిన్నెరసానిలోకి, గోదావరిలోకి పోతుంది. మనం ఒకే జిల్లా మనుషులుగా బతికాం, 2016లో రెండు జిల్లాలుగా చేశారు. నీళ్ళు మాత్రం మొదటి నుంచీ రెండు కుటుంబాలే.

గోదావరి పెద్ద నది, దూరం నుంచి వస్తుంది, రోజులు వ్యవధి ఇస్తుంది. మున్నేరు చిన్నది. ఆకేరు, మున్నేరు ఖమ్మానికి ఎగువన తీర్థాల దగ్గర కలుస్తాయి. ఆ రెండింటి మీదా మహబూబాబాద్, వరంగల్ వైపు కుండపోత కురిస్తే గంటల్లో నీరు మన గుమ్మంలో ఉంటుంది. లెక్క చూడండి. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరు వాన అంటే కోటి లీటర్లు. 30 సెంటీమీటర్లు పడితే 30 కోట్ల లీటర్లు. అటువంటి చదరపు కిలోమీటర్లు వేలల్లో ఉంటే, నేల అప్పటికే తడిసి ఉంటే, చెరువులు నిండి గండ్లు పడితే, ఆ నీరు ఎక్కడికి పోతుంది? నేను గోదావరి పాఠాన్ని మున్నేరుకు అప్పజెప్పాను. అదీ నా తప్పు.

అడవి ఉంటే వరద ఉండదు కదా అని కొందరు అంటారు. అడవి చేసే మేలు తక్కువేమీ కాదు. ఆకులు ఆవిరిని గాలిలోకి వదులుతాయి. నేలమీది ఆకు చెత్త చిన్న చిన్న వానలను పట్టి భూమిలోకి దించుతుంది, మట్టిని కాపాడుతుంది. విత్తు వేసే ముందు మన కోయ సోదరులు భూమి పండుగ చేసుకోవడంలో ఎంత అర్థం ఉందో! కానీ ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు కురిస్తే అడవి కూడా చేతులెత్తేస్తుంది. పైగా గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 వంతులు ఎక్కువ ఆవిరిని మోయగలదు. అందుకే కుండపోతల బలం పెరుగుతోందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయని మన పెద్దలు అన్నారు. ఆ సామెత సేద్యానికి దారి చూపింది. ఏ రాత్రి ఇల్లు విడవాలో చెప్పడానికి మాత్రం అది చాలదు.

ఇవాళ సాధనాలకు కొదవ లేదు. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ రోజూ ఉదయం, సాయంత్రం బెలూన్లు ఎగరేసి పైగాలిలోని వేడి, తేమ కొలుస్తుంది. హైదరాబాదులో, మచిలీపట్నంలో డాప్లర్ రాడార్లు ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో ఇన్‌శాట్-3డిఎస్ ఉపగ్రహాన్ని కూడా పంపారు. నదుల మట్టాలను కేంద్ర జలసంఘం చూస్తుంది. పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు మన పిల్లల ఫోన్లలోకే వస్తున్నాయి. వాటిని చూసి మన పాత అనుభవంతో కొట్టిపారేయకపోవడమే మనం చేయవలసిన పని. నా వంటి అనుభవజ్ఞుల వల్ల వచ్చే ప్రమాదం తక్కువది కాదని మనవి చేస్తున్నాను.

చివరిగా నాలుగు ముక్కలు. గోదావరి ఒడ్డున ఉన్నవారు నెత్తిమీది ఆకాశం చూడకండి, ఎగువ సంగతి కనుక్కోండి. 43 అడుగుల మొదటి హెచ్చరికకే సర్దుకోండి, 48 అడుగుల రెండో హెచ్చరికకు కదలండి. మున్నేరు, ముర్రేడు, కిన్నెరసాని వంటి ఏటి ఒడ్డున ఉన్నవారు తెల్లవారేదాకా ఆగకండి. ఎరుపు హెచ్చరిక ఉంటే పగటి వెలుతురులోనే మిట్టకు చేరండి. పి.పి.ఓ., బ్యాంకు పుస్తకం, ఆధార్, నెల రోజుల మందులు ఒక ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి అటక మీద పెట్టుకోండి. ఒక నకలు వేరే ఊళ్ళో ఉన్న బిడ్డ దగ్గర ఉంచండి. పశువులున్నవారు మొదట కట్టుతాళ్ళు విప్పండి. వరద వచ్చాక విప్పడానికి వీలుండదు.

మన సంఘానికి ఒక విన్నపం. ప్రతి శాఖలో పల్లపు ప్రాంతాల్లో ఒంటరిగా ఉంటున్న సభ్యుల జాబితా, ముఖ్యంగా ఫ్యామిలీ పెన్షన్ మీద బతుకుతున్న అక్కచెల్లెళ్ళ జాబితా, మృగశిర కార్తె వచ్చేలోగా తయారు చేయాలి. ఒక్కొక్కరికి మిట్టమీద ఇల్లున్న ఒక సభ్యుణ్ణి జతచేయాలి. హెచ్చరిక వచ్చిన నాడు ఆ సభ్యుడు ఫోన్ చేసి, "ఏం చేయమంటారు?" అని అడగరాదు. "బయలుదేరండి, గది సిద్ధంగా ఉంది" అనాలి.

ఆ జాబితాలో ఖమ్మం వైపు మొదటి పేరుగా నా పేరు రాసుకోమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. మా ఇల్లు మిట్ట మీదే ఉంది, రెండు గదులు ఖాళీగా ఉన్నాయి.